సముద్రం మాట ఎత్తొద్దు

“...అందుకే సంచి తీసి కింద పెట్టిన. రాని మనిషికి కిటికీ సీటెందుకు?”

“వచ్చినా రాకున్నా ఆమె పెట్టుకున్న సీటు. తీసేటందుకు నువ్వెవరు?”

“నువ్వే గదక్కా, నిన్న పిల్లల నోరు మూయించినవ్, ఆమె ముందట సముద్రం మాట ఎత్తొద్దని. పెనిమిటి కృష్ణల మునిగి పోయినకాడికెల్లి నీళ్లు జూస్తే ఆమెకు దడ వస్తదంట గద. ఇగ సముద్రం దిక్కు సీటు ఏం జేస్కుంటది?”

“జర మెల్లగ మాట్లాడు. కిందనే ఉన్నట్టుంది.”

కుర్మమ్మ కిందనే ఉంది. సింహాచలం కొండ కింద సత్రం ఆవరణలో బస్సు నిలిపారు. ఆ పక్కనే నల్లా దగ్గర కూర్చుని ఉప్మా గంజు తోముతోంది. పీచు చేతిలోనే ఆగిపోయింది. మొదటి గొంతు రజితది, అయిజలో కుట్టుమిషన్ నడుపుకునే పిల్ల. రెండోది ఉమారాణిది, గద్వాలలో బట్టల దుకాణం వాళ్ల ఇల్లాలు. ఇద్దరూ మంచివాళ్లే. కొల్లాపూర్‌లో బస్సు బయలుదేరినప్పటి నుంచి ఆమె చేతి వంట తింటూ, రోజుకోసారైనా ఆమె పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగిపెట్టినవాళ్లే.

గంజు మీద నీళ్లు పోసింది. అంచు కింద చెక్కిన ‘బాలన్న’ అన్న పేరు కనిపించింది. పెళ్లిలో పెట్టిన గిన్నె కాదది. ఆయన పోయాక కొల్లాపూర్‌కు మారి, పెళ్లిళ్లలో వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కటే కొనుక్కుని, ప్రతిదాని మీదా ఆయన పేరే కొట్టించుకుంది.

బాలన్న నీళ్లలో పోలేదు. వనపర్తి దవాఖానలో, ఇనుప మంచం మీద, కామెర్లు ముదిరి పోయాడు. చివరి రోజు గొంతు తడుపుకోవడానికి చెంచాడు నీళ్లు కూడా లోపలికి దిగలేదు. అప్పుడు ఆ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నది ఈ బస్సు నడిపిస్తున్న నాగేశే. పాడె ముందు కొమ్ము పట్టిందీ అతనే.

ఈ బస్సులో బాలన్నను ఎరిగినవాడు అతనొక్కడే. అదే ఆమెకు మింగుడుపడలేదు. తెలియని మనిషి ఎవరో కల్పించిన కథ అయితే నవ్వి ఊరుకునేది.

కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున సోమశిలలో పుట్టింది కుర్మమ్మ. తండ్రిది పడవ. మెట్టినిల్లూ ఆ రేవులోనే, మొగుడిదీ పడవే. మొదట గుండ్రటి తోలు పుట్టి వేసేవాడు, తర్వాత మరపడవ కొన్నాడు. అవతలి ఒడ్డున నిలబడి ఎవరైనా కేకేస్తే, అన్నం ముందు కూర్చున్నవాడు కూడా చెయ్యి కడుక్కుని లేచి వెళ్లేవాడు. వానాకాలం శ్రీశైలం డ్యాం నిండి నీళ్లు వెనక్కి తన్నినప్పుడు అవతలి కొండలు దూరంగా, పల్చగా కనిపించేవి. అప్పుడు బాలన్న చెయ్యి నుదుటికి ఆనించి చూస్తూ అనేవాడు, కేకేస్తే పలికే ఒడ్డు లేని నీళ్లు ఒక్కసారి చూడాలని. ఆ నీళ్ల మీద పడవ వేసేవాడు ఎక్కడికని వేస్తాడు, ఎవరి కేక విని మళ్లుతాడు అని ఆయనకు అనుమానం. చూడకుండానే పోయాడు.

నాగేశ్ కూడా ఆ రేవు పిల్లవాడే. పడవ వెనక తాడు పట్టుకుని వేలాడుతుంటే బాలన్నే నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పాడు. పెద్దయ్యాక కొల్లాపూర్‌లో మామిడికాయ వ్యాపారం చేశాడు. అది కలిసిరాక యాత్రల బస్సు మొదలుపెట్టాడు. కోతలు అయిపోయి వానలు పడేలోపు, వనపర్తి, గద్వాల, అయిజ వైపు నుంచి జనాన్ని ఎక్కించుకుని అన్నవరం, సింహాచలం, విశాఖపట్నం, అరకు తిప్పి తెచ్చేవాడు. మొదటిసారి వంటకు రమ్మని అడగడానికి వచ్చినప్పుడు, గడపలో కూర్చుని, బావ చూడని సముద్రం నీకు చూపిస్తా అక్కా అన్నాడు. ఆ ఏడే వనపర్తిలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని ఖాయమైంది. ఆ ఒక్క మాట కోసం కుర్మమ్మ దాన్ని వదులుకుంది.

మొదటి ఏడు సత్రంలో గ్యాసు పొయ్యి, బియ్యం బస్తాలు విడిచి రావడానికి వీల్లేకపోయింది. రెండో ఏడు వాన. తర్వాతి ఏడు బస్సు చెడిపోయింది. ఆ తర్వాత కారణం అడగడం కుర్మమ్మే మానేసింది. వచ్చే ట్రిప్పుకు పక్కా అక్కా అని నాగేశ్ అనేవాడు, ఆమె తల ఊపేది. జనం పొద్దున బీచికి పోయి మధ్యాహ్నానికి ఆకలితో వచ్చేసరికి అన్నం, పప్పు, చారు, ఏదో ఒక వేపుడు సిద్ధంగా ఉండాలి. పొయ్యి దగ్గర ఒకరు ఉండాలి కదా.

చూడకపోయినా విశాఖపట్నం ఆమెకు బాగానే తెలుసు, వాళ్లు చెప్పగా విని. కైలాసగిరి మీద శివుడూ పార్వతీ తెల్లగా ఎంత ఎత్తున కూర్చున్నారో తెలుసు. ఆ కొండకు తీగల మీద వేలాడే డబ్బాలో పోతారని, సగం దూరంలో ఆడవాళ్లంతా కళ్లు మూసుకుంటారని తెలుసు. ఇసుకలోకి లాగి నిలబెట్టిన జలాంతర్గామి లోపల మంచాలు ఎంత ఇరుకో, మగవాళ్లు ఎలా పక్కకు తిరిగి నడవాలో తెలుసు. రేవు పక్కన నీళ్లలోకి ముట్టె చాపినట్టు పొడుచుకొచ్చిన కొండ, దాని మీద దీపస్తంభం, అన్నీ తెలుసు. ఒక్క సముద్రం గురించే ఎవరూ చెప్పేవారు కాదు.

“మా సోమశిల కాడ కృష్ణ లెక్కనే ఉంటదా?” అని ప్రతి ఏడూ ఎవరో ఒకరిని అడిగేది. అడగ్గానే చారు బాగుందనో, అప్పడాలు ఇంకా ఉన్నాయా అనో మాట మార్చేవారు. అంచులు తడిసిన చీరలతో దిగేవారు. ఎందుకు తడిసిందమ్మా అంటే ఒకామె నల్లా పగిలిందంది. ఇంకో ఏడు ఒక పెద్దాయన అక్కడ వాన పడిందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కుర్మమ్మ ఆయనకు మజ్జిగ పోస్తూ నవ్వింది, ఆయన మాత్రం నవ్వలేదు. బస్సు ఊడ్చేటప్పుడు సీట్ల కింద గవ్వలు దొరికేవి. అడిగితే పిల్లలు తల్లుల కొంగుల వెనక్కి పోయేవారు. చదువుకున్నవాళ్లు, దుకాణాలవాళ్లు, వంటమనిషితో సముద్రం గురించి ఏం మాట్లాడతారులే అని సర్దిచెప్పుకుంది. వాళ్లు తనను చూసి జాలిపడుతున్నారని ఏనాడూ తోచలేదు.

ఈ ట్రిప్పుకు నాగేశ్ గట్టిగానే చెప్పాడు. మధ్యాహ్నం భోజనం బీచి దగ్గర హోటల్లో మాట్లాడానని, ఆ పూట పొయ్యి వెలిగించే పనే లేదని. అందుకే పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలో దాచుకున్న గద్వాల చీర కట్టుకుని, ఎడమవైపు కిటికీ సీటులో సంచి పెట్టింది.

గంజు బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని కుర్మమ్మ బస్సెక్కింది. రజిత లేచి నిలబడింది. ఉమారాణి కిటికీ వైపు చూడసాగింది. ఆ మాట మీకెవరు చెప్పారని కుర్మమ్మ అడిగింది. కోపంగా అడగలేదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. ఉమారాణి కాసేపు ఏదేదో అని, ఆఖరికి చెప్పింది. అన్నవరంలో కుర్మమ్మ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు నాగేశ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడట. ఆమె మొగుడు ఆమె కళ్ల ముందే మునిగాడని, శవం కూడా దొరకలేదని, సముద్రం మాట వింటే మూడు పూటలు అన్నం ముట్టదని. పాపం చేసినట్టవుతుందని తాము నోరు కట్టేసుకున్నామని ఉమారాణి ఏడుపు గొంతుతో అంది.

డ్రైవర్ షోయబ్ తన సీటులో కూర్చుని అంతా విన్నాడు. చాలా ఏళ్లుగా ఈ బస్సు అతనే నడుపుతున్నాడు. కుర్మమ్మ అతని వైపు తిరిగింది.

“ఈ ఒక్కసారే చెప్పిండా షోయబ్?”

అతను స్టీరింగు మీది దుమ్ము తుడిచాడు. “ప్రతిసారి గదే చెప్తడక్కా. నిజమే అనుకున్న. అందుకే నేనెప్పుడు తియ్యలే ఆ ముచ్చట.”

అంతలో నాగేశ్ వచ్చాడు. రెండు చేతుల్లో కూరగాయల సంచులు. ఆ సంచులు చూడగానే కుర్మమ్మకు మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. అయినా అతను చెప్పాడు, హోటలువాడు మాట తప్పాడని, ఇంతమందికి అప్పటికప్పుడు ఎవరూ వండిపెట్టరని, ఈ ఒక్క పూట పులిహోర, వంకాయ కూర చేసిపెడితే చాలని. వచ్చే ట్రిప్పుకు పక్కా అన్నాడు. చీర చూసి, మంచిగుందక్కా అని కూడా అన్నాడు.

కుర్మమ్మ కింద పడి ఉన్న తన సంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది.

“అక్కా, వంట...”

“నా పెనిమిటి యాడ మునిగిండో జూసొస్త తమ్మీ,” అంది. “శవం గూడ దొరకలేదంట గద.”

నాగేశ్ సంచులు పట్టుకుని మెట్టు మీదే నిలబడిపోయాడు. షోయబ్ ఇంజను వేశాడు. నాగేశ్ ఎక్కక తప్పలేదు.

బస్సు ఊళ్లోంచి చాలాసేపు నడిచింది. కైలాసగిరి పక్కగా మలుపు తిరిగి వాలులోకి దిగుతుండగా ఎడమవైపు ఇళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. నేల అయిపోయిన చోట నీళ్లు మొదలై, ఆకాశం దాకా పోయాయి. ఎండలో కొంత దూరం ఆకుపచ్చగా, ఆ తర్వాత ముదురు నీలంగా ఉన్నాయి. దూరంగా నాలుగైదు ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. రేవులోకి పిలుపు వచ్చేదాకా అవి అక్కడే ఆగుతాయని రజిత వెనక సీటు నుంచి మెల్లగా చెప్పింది. ఇక దాచవలసింది ఏమీ లేదు కాబట్టి, ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. అదిగో జలాంతర్గామి, అదిగో దీపస్తంభం ఉన్న కొండ, అదిగో చేపల పడవలు. ఇన్నేళ్లు ఎవరూ ఎత్తని సముద్రం సంగతులు కూడా ఆ కొద్ది నిమిషాల్లో చెప్పేశారు. కుర్మమ్మ ఊఁ కొడుతూనే ఉంది, సగం చెవిన పడలేదు.

ఇసుకలో దిగి నడిచింది. మిగతావాళ్లు రెండడుగులు వెనకే ఉండిపోయారు, ఎందుకో వాళ్లకే తెలియనట్టు. అల వచ్చి పాదాలు ముంచి, వెనక్కి పోతూ అరికాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. కృష్ణ ఎన్నడూ ఇట్లా చేయలేదు. కృష్ణలో కాలు పెడితే ఒండ్రు పట్టుకుంటుంది. ఆమె మడమలు సర్దుకుని నిలబడి, చెయ్యి నుదుటికి ఆనించి చూసింది. అవతలి ఒడ్డు లేదు. బాలన్న చెప్పింది సరిగ్గా ఇదే. ఈ క్షణం కోసం ఆమె మనసులో దాచుకున్న మాటలు కొన్ని ఉన్నాయి, ఆయనతో చెప్పాలనుకున్నవి. ఒక్కటీ నోటికి రాలేదు. కళ్ల ముందు ఆయన ముఖం రాకుండా, అన్నవరంలో జనాన్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథ చెబుతున్న నాగేశ్ ముఖమే వచ్చింది.

అతను ప్యాంటు మడుచుకుని పక్కకు వచ్చాడు.

“మంచికే చెప్పినక్కా. ప్రతి ట్రిప్పుల అడుగుతుండిరి, వంటామెను గూడ తీస్కపోదామని. వద్దంటే నన్ను దొంగను జూసినట్టు జూస్తుండిరి. నువ్వొస్తే పొయ్యికాడ ఎవరుంటరు? ఏదో ఒకటి చెప్పాలె గద. గట్ల చెప్పినంక నిన్ను అందరు ఎంత మంచిగ జూసుకున్నరు, చెప్పు?”

కుర్మమ్మ ఓడల వైపే చూస్తోంది.

“నీకు ఈత ఎవరు నేర్పిన్రు?”

నాగేశ్ మడిచిన ప్యాంటును ఇంకో మడత పెట్టుకున్నాడు.

“నిన్నే అడుగుతున్న. ఎవరు నేర్పిన్రు?”

“బావనే.”

“నీళ్లల్ల మునిగేటోడు నేర్పిండా?”

అల ఇంకొకటి వచ్చి ఇద్దరి కాళ్లూ తడిపి పోయింది. నాగేశ్ ఇంకేదో అన్నాడు, తప్పయిపోయిందనీ, ఇంటికి పోయాక మాట్లాడుకుందామనీ, జనం ముందు పరువు తీయొద్దనీ. ఆఖరి మాట దగ్గర ఆమె అతని వైపు తిరిగి చూసింది.

మధ్యాహ్నం జనం బీచి పక్కన ఎవరికి దొరికింది వాళ్లు తిన్నారు. ఉమారాణి మొక్కజొన్న కంకి తెచ్చిస్తే కుర్మమ్మ తీసుకుంది. రజిత పక్కన కూర్చుని, పెద్దమ్మా, పెదనాన్న ఎట్లుండేటోడు అని అడిగింది. పొడుగ్గా ఉండేవాడని, నవ్వితే పై పన్ను కనబడేదని చెప్పి, కంకి ఒలుస్తూ, ఏట్లో చేపకన్నా జోరుగా ఈదేవాడని చెప్పింది. చెబుతూ గొంతు పెంచింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడాలనే పెంచింది.

ఎండ తగ్గాక అందరూ బస్సెక్కారు. నాగేశ్ ముందు నిలబడి, రేపు పొద్దున అరకు ప్రయాణమని, బొర్రా గుహలు చూసుకుని కొండ మీదే టిఫిను, భోజనం అని చెప్పి, కుర్మమ్మ వైపు చూడకుండానే, రాత్రికి చపాతీలు అన్నాడు.

కుర్మమ్మ సీటులోంచి లేచింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి, ఇసుక అంటుకుని ఉన్నాయి. ఆమె నాగేశ్‌తో మాట్లాడలేదు. బస్సులో ఉన్నవాళ్లతో మాట్లాడింది.

“మీరు నా వంట నమ్ముకొని వచ్చిన్రు. కొల్లాపూర్ల దిగేదాక మీకు ఒక పూట గూడ తక్కువ చెయ్య.” తర్వాత డ్రైవర్ వైపు తిరిగింది. “షోయబ్, కొల్లాపూర్ల నా ఇంటి ముందట బస్సు ఆపు. బాలన్న పేరున్న గంజులన్ని దించు. మళ్ల ఈ బస్సుకు నేను వండ.”