గ్యాసు బాకీ ఎవరి పేరున

వెర్నెల్ టాలివర్ ఎదుట కూర్చున్న వాళ్లను మొదట అడిగేది ఒకటే ప్రశ్న. మనిషి పేరున ఉన్న అప్పులన్నీ చూపే క్రెడిట్ రిపోర్టులో బాకీ వరుస మీద పెన్సిల్ ఆనించి, కళ్లద్దాల పైనుంచి చూస్తూ, "ఇది నీదా, కాదా?" అంటుంది. నీదే అయితే తీసేయమని ఉత్తరం రాయదు. నెలకు ఇంతని కట్టుకోమని చెప్పి పంపేస్తుంది. కాదంటే మాత్రం ఆ రిపోర్టులు తయారుచేసే కంపెనీలకు ఇక నిద్ర ఉండదు.

టొలీడో ఊళ్లో మా చర్చి నేలమాళిగలో శనివారాలు పది నుంచి ఒంటిగంట దాకా ఈ పని సాగేది. ఆవిడ పైసా పుచ్చుకునేది కాదు. ఎవరైనా చిలగడదుంప పై అనే తీపి వంటకం తెస్తే మాత్రం వద్దనేది కాదు. బడి వంటశాలలో పందొమ్మిదేళ్లు పిల్లలకు వడ్డించిన మనిషికి ఈ విద్య ఎలా వచ్చిందని కొత్తవాళ్లు అడుగుతారు. భర్త ఆమోస్ పోయాక ఒకే ఆసుపత్రి బిల్లు ఆవిడ రిపోర్టులో మూడు పేర్లతో మూడుసార్లు ఎక్కింది. వకీలుకిచ్చే స్తోమత లేదు. లైబ్రరీలో కూర్చుని చట్టం చదివి, తొమ్మిది నెలలు ఉత్తరాలు రాసి, రెండు తీయించింది. మూడోది నిజమైన బాకీ కాబట్టి కట్టింది.

నా సంగతీ అలాగే తేల్చింది. జార్జియా రాష్ట్రంలో ఏదో ఫర్నిచర్ షాపులో నేను సోఫా కొని ఎగ్గొట్టానట. జార్జియా గడప తొక్కిన దాన్ని కాదు నేను. కోపం పట్టలేక మూడు పేజీల ఉత్తరం రాసుకుని పోతే, చదివి పక్కన పడేసింది. "ఏడుపు ఎందుకు ఒడెస్సా? తేదీలు రాయి" అంది. ఒక ఉత్తరంలో ఒకటే అభ్యంతరం, ఒకటే పేజీ. ఆధారాలకు నకళ్లు పెట్టాలి, అసలువి చస్తే ఇవ్వకూడదు. రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. వాళ్లకు ముప్పై రోజుల గడువు. నా సోఫా ఇరవై ఆరో రోజుకు పోయింది. అప్పటినుంచి శనివారాలు ఆవిడ పక్కన కూర్చుని కవర్ల మీద చిరునామాలు రాసే పని నాది.

ఆవిడ కచ్చితం చాలామందికి గిట్టేది కాదు. మా చర్చిలో గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లను కూర్చోబెట్టే క్లియోఫస్, తన ట్రక్కు అప్పు మీద అభ్యంతరం రాయించుకుందామని వచ్చాడు. అన్నిటినీ కాదని రాస్తే సగం ఊడిపోతాయని రేడియోలో ఎవడో చెప్పాడట. ట్రక్కు బయటే నిలబెట్టి ఉంది, ఇంజను కూడా ఆపలేదు. "కాగితమ్మీద ఒక్క అబద్ధం పెడితే, రేపు నీ నిజం కూడా ఎవడూ నమ్మడు బ్రదర్" అని వెనక్కి పంపింది. ఈవిడో పెద్ద జడ్జీ అని గొణుక్కుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ రోజు గర్వంగా అనిపించింది.

అక్టోబరు మొదటి శనివారం టియెరా వచ్చింది. వెర్నెల్ మనవరాలు. తల్లి పోయినప్పుడు నాలుగేళ్లది, అప్పటినుంచి వెర్నెలే పెంచింది. ఇప్పుడు ఇరవై రెండు, కడుపులో ఆరో నెల. నర్సింగ్ హోములో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తుంది. వారానికింతని కట్టే మోటెల్లో ఉంటోంది, జీతంలో సగానికి పైగా దానికే పోతుంది. అమ్మమ్మ దగ్గర ఉండొచ్చు కదా అంటారేమో. వెర్నెల్ ఉండేది వృద్ధుల భవనంలో ఒక గది. చుట్టాలెవరైనా ఏడాదికి పద్నాలుగు రోజులే ఉండాలి. ఆ రోజులు ఆగస్టులోనే అయిపోయాయి.

బస్సు దారిలో రెండు గదుల ఇల్లు ఒకటి సంవత్సరాంతానికి ఖాళీ అవుతోంది. ఆ ఇళ్లు అద్దెకిచ్చే ఆఫీసు ఆవిడకు టియెరా నచ్చింది గానీ, రిపోర్టు చూసి కాదంది. గ్యాసు బాకీ కట్టక అది వసూలు కంపెనీ చేతికి వెళ్లి ఉంటే, తర్వాత కట్టినా సరే, ఇల్లివ్వకూడదని వాళ్ల నియమం. ఆ వరుస పోతే డిసెంబరులో రమ్మంది. బిడ్డ పుట్టేది జనవరిలో. ఆ వరుస పోకపోతే పసిబిడ్డతో మోటెల్లోనే ఉండాలి.

వెర్నెల్ రిపోర్టు తీసుకుని అలవాటు కొద్దీ పెన్సిల్ ఆనించింది. "ఇది నీదా, కాదా?"

"కాదు. అది తెరిచినప్పుడు నాకు పదహారేళ్లు అమ్మమ్మా. నా పేరు, నా సోషల్ సెక్యూరిటీ నంబరు మీద ఎవరో గ్యాసు పెట్టించుకున్నారు" అంది టియెరా.

పెన్సిల్ ఆ వరుస మీదే ఆగిపోయింది. ఎవరో పొరపాటు చేసుంటారు, రాద్దాంలే అంది వెర్నెల్, మనవరాలి వైపు చూడకుండా. ఆ తేదీ నేనూ చూశాను. ఆ శీతాకాలం నాకు బాగా గుర్తు.

అప్పుడు మేం ఎదురెదురు ఇళ్లలో ఉండేవాళ్లం. ఆమోస్ ముందు గదిలో మంచం మీద చావుకు సిద్ధంగా ఉన్నాడు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టాలు. వెర్నెల్ పేరు మీద పాత బాకీ ఉందని ఇంటిని వెచ్చబెట్టే గ్యాసు కోసేశారు. మూడు రోజులు ఎలక్ట్రిక్ హీటరు ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. నాలుగో రోజు వెళ్లేసరికి ఇల్లు వెచ్చగా ఉంది. ఎలా వచ్చిందని నేను అడగలేదు. మా వీధిలో ఎవరూ అడగరు. ఒకరింట్లో కరెంటు మూడేళ్ల పిల్లాడి పేరున, మరొకరింట్లో ఫోను చచ్చిపోయిన అత్తగారి పేరున. అది దొంగతనమని మాలో ఎవరికీ తోచలేదు. పిల్లలు పెద్దయ్యేలోపు కట్టేద్దాం అనుకుంటాం. కట్టం. ఆమోస్ మార్చిలో పోయాడు, మరుసటి ఏడు ఇల్లు పోయింది, ఆఖరి బిల్లులు అలాగే మిగిలాయి.

ఆ మధ్యాహ్నం వెర్నెల్ రాసిన ఉత్తరం చూసి నేను ఆశ్చర్యపోయాను. మూడే మూడు వాక్యాలు. ఈ ఖాతా నాది కాదు, తీసేయండి, ఇట్లు. పదహారేళ్ల మాట లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. అలాంటి ఉత్తరం క్లియోఫస్ రాస్తే చించి పారేసేది. బర్త్ సర్టిఫికెట్ నకలు పెట్టలేదేమని అడిగాను. అక్కర్లేదు, కవరు అంటించమంది. నేను నోరు మూసుకుని అంటించాను. ఆ తప్పులో నా వాటా అది. వయసు రాస్తే తర్వాత వచ్చే ప్రశ్న ఎవరు చేశారన్నదే. అది తప్పించుకోవడానికే ఆవిడ తన విద్యంతా మర్చిపోయినట్టు నటించింది.

నవంబరు మొదట్లో జవాబు వచ్చింది. పేరు, నంబరు సరిపోయాయి, బాకీ సరైనదేనని తేలింది, మార్పు లేదు. టియెరా ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పటికి కాళ్లు వాచి చెప్పులే వేసుకుంటోంది, బయట మంచు పడుతున్నా.

ఆ తర్వాత వెర్నెల్ చేసిన పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వసూలు కంపెనీకి తనే ఫోను చేసింది. మొత్తం కడితే ఆ వరుస తీయించేస్తామని అవతల మర్యాదస్తుడెవడో మాటిచ్చాడు. ఆమోస్ సమాధి మీద రాయి వేయించడానికి దాచిన పదకొండు వందల డాలర్లు ఫోనులోనే కట్టేసింది. కాగితం మీద రాసివ్వనిదే ఒక్క డాలరు కట్టొద్దని నాలుగేళ్లుగా అందరికీ నూరిపోసిన మనిషి ఇలా చేసింది. సిగ్గు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది. డబ్బు పోయింది, వరుస పోలేదు. దాని పక్కన 'చెల్లించారు' అన్న ముక్క మాత్రం చేరింది. దాంతో అది టియెరా బాకీయేనని ఇంకాస్త గట్టిపడింది. ఆవిడ మళ్లీ ఫోను చేస్తే, అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదన్నారు.

నవంబరు ఆఖర్లో, థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం టియెరా కొత్త రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. వాన వల్ల ఎవరూ రాలేదు, మేం ముగ్గురమే.

"నేను పైసా కట్టలేదు. ఎవరు కట్టారు?"

వెర్నెల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేనే."

"గ్యాసు పెట్టించింది?"

"నేనేనమ్మా. తాతయ్యకి చలి ఆగట్లేదని..."

"అడ్రసు చూసిన రోజే తెలుసు నాకు. మనిల్లు నాకు తెలీదా? నువ్వే నోరు తెరుస్తావని రెండు నెలలు ఎదురుచూశా." టియెరా గొంతు పెంచలేదు, దానికే నాకు భయమేసింది. "ఆ రోజు అడిగుంటే ఇచ్చేదాన్నే కదా. తాతయ్య కోసం ఏదైనా ఇచ్చేదాన్ని. మొన్న చెప్పినా ఊరుకునేదాన్ని. నాకు సాయం చేస్తున్నట్టు కూర్చుని నా ఉత్తరాన్నే పాడుచేశావు చూడు, అది పోదు అమ్మమ్మా."

నేను మధ్యలో దూరి, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఇంటి సంగతి ఇంట్లోనే తేల్చుకుందామన్నాను. పిల్ల నా వైపు తిరిగి, తేల్చుకోవడానికి నాకు ఇల్లేది ఆంటీ అంది.

వెర్నెల్ అప్పుడు మళ్లీ పాత వెర్నెల్ అయింది. ఇక ఒకటే దారి ఉందని మామూలు గొంతుతో చెప్పింది. పోలీసు రిపోర్టు, తన పేరు, నంబరు ఎవరో దొంగతనంగా వాడారన్న ప్రమాణ పత్రం, పుట్టిన తేదీ నకలు, బ్యాంకు నుంచి డబ్బు ఎవరు కట్టారో చూపే కాగితం. ఇవి చేరితే నాలుగు పనిదినాల్లో ఆ వరుస మూసేయాలి, చట్టం అది. ఎవరు చేశారన్న గడి ఖాళీగా వదిలేయొచ్చు కదా అన్నాను. తెలిసీ తెలీదని రాస్తే అది పిల్ల నెత్తికి నేరమవుతుందంది.

సోమవారం నా కారులోనే వెళ్లాం. స్టేషన్లో కిటికీ అవతల ఉన్న కుర్రాడు ఫారం ఇచ్చాడు. టియెరా అన్నీ నింపి ఆ గడి దగ్గర ఆగింది. వెర్నెల్ మెల్లిగా తన పేరు స్పెల్లింగు చెప్పడం మొదలుపెట్టింది, పిల్లకి తెలియనట్టు, ఒక్కో అక్షరం. టియెరా ఒక్కో అక్షరమే రాసింది. ఊరు, పుట్టిన తేదీ, చుట్టరికం. చుట్టరికం దగ్గర 'అమ్మమ్మ' అని రాసి సంతకం చేసింది. కేసు పెడతారా అని అడిగాడు కుర్రాడు. వద్దంది టియెరా. నాకు ఆ క్షణంలో వెర్నెల్ మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఏదీ పూర్తిగా రాలేదు.

డిసెంబరు పదకొండుకు ఆ వరుస పోయింది. ఇరవై తొమ్మిదిన టియెరా ఇల్లు చేరింది. జనవరిలో ఆడపిల్ల పుట్టింది. వెర్నెల్‌కు ఆ సంగతి చర్చిలో వేరేవాళ్లు చెప్పారు.

శనివారాలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. పాస్టరు ఇంటికెళ్లి బతిమాలాడు కూడా. వచ్చినవాళ్లను నీదా కాదా అని ఏ మొహంతో అడగమంటారని తలుపు దగ్గరే నిలబెట్టి పంపేసింది. క్లియోఫస్ ఈ కథ ఊరంతా చెప్పుకుని తిరిగాడు. వాడి ట్రక్కు అప్పు ఇంకా అలాగే ఉంది.

ఫిబ్రవరి ఆఖర్లో నేను పిల్లను చూడ్డానికి వెళ్లాను. ఇల్లు వెచ్చగా ఉంది, బిడ్డ బొద్దుగా ఉంది. కాఫీ తాగుతుంటే టియెరా, పోస్టాఫీసు మీదుగా పోతావా ఆంటీ అని మూడు కవర్లు తెచ్చింది. క్రెడిట్ కంపెనీలు మూడింటికీ. చిరునామాలు నేను నాలుగేళ్లు రాసినవే. నీ రిపోర్టులో మళ్లీ ఏమొచ్చిందే అన్నాను కంగారుగా.

"నాది కాదు, పాపది. మొన్నే దాని నంబరొచ్చింది. దాని పేరు మీద ఎవరూ ఏదీ తెరవకుండా తాళమెయ్యమని రాశా."

"నెల్లాళ్ల పిల్ల పేరున ఎవరు తెరుస్తారే?"

"మనవాళ్లే" అంది, బిడ్డను భుజం మారుస్తూ. నేను గుమ్మం దాటేదాకా అమ్మమ్మ పేరెత్తలేదు.

మూడూ రిజిస్టరు చేయించాను. తిరిగొస్తూ వెర్నెల్ దగ్గర ఆగాను. నేను ఎక్కడి నుంచి వస్తున్నానో ఆవిడకు తెలుసు. టీ పెట్టింది, చక్కెర వేయడం మర్చిపోయింది. బిడ్డ ఎవరి పోలిక అని అడిగింది. ఆమోస్ నుదురే అన్నాను, అది నిజమే. ఇల్లు వెచ్చగా ఉందా అంది. ఉందన్నాను.

కప్పులు తీస్తూ, "నా గురించి ఏమైనా అందా?" అంది.

"అమ్మమ్మ ఎలా ఉందని అడిగింది అక్కా" అన్నాను. కవర్ల సంగతి చెప్పలేదు.