ఆర్పని బల్బులు, పలకని రేడియో

2023లో చలి మొదలైన రోజులు. గోదావరిఖని చౌరస్తా దగ్గరి సందులో నాకు రిపేరు షాపు ఉంది. మిక్సీలు, టీవీలు కూడా బాగు చేస్తాను గాని బోర్డు మీద మాత్రం రేడియో అనే ఉంటుంది. ఆ బోర్డు రాయించిన రోజున దాన్ని చదవడం నాకు రాదు. నలభై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటిదాకా ముల్లు ఎక్కడ నిలిస్తే ఏ స్టేషనో కంటితో గుర్తుపెట్టుకొని, మిగతాది చెవితో పట్టేవాణ్ణి. చదువు వచ్చాక కంటికి పని పెరిగింది గాని చెవి పని తగ్గలేదు.

ఒక పొద్దున యేసోబు వచ్చాడు. గనిలో ఏళ్ల తరబడి టబ్బులు, అంటే బొగ్గు మోసే ఇనుప తొట్లు తోసిన మనిషి. ఊపిరి పాడై పని మానాడు. ఆయన ఉద్యోగం కొడుకుకు వచ్చింది. ఇప్పుడు యేసోబు ఉండేది ఆ కొడుకుకు గని కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లోనే. చేతిలో ఉన్న కొత్త పోర్టబుల్ డిజిటల్ రేడియోను నా బల్ల మీద పెట్టాడు.

"సాయిలన్నా, మావోడు ముచ్చటపడి మూగదాన్ని కొనుక్కచ్చిండు."

"అసలుకే పలుకుతలేదా?"

"పలుకుతది. రెండు ముక్కలు పలికి ఊకుంటది. మా కోడలు అలిగినట్టు."

ఇది మామూలు రేడియో కాదని ఇక్కడ చెప్పాలి. హైదరాబాద్ స్టేషన్ మీడియం వేవ్ మీద డిజిటల్‌గా పంపే ప్రసారాన్ని పట్టే సెట్టు. పాత ట్రాన్సిస్టర్‌లో సిగ్నల్ తగ్గితే గరగర పెరుగుతుంది. ఆ గరగరలోనే సగం మాట, సగం పాట మనం ఏరుకుంటాం. డిజిటల్‌లో ఆ ఏరుకోవడం ఉండదు. గొంతు అంకెలుగా మారి వస్తుంది. అంకెలు సరిపోయినన్ని చేరితే సెట్టు అద్దంలా పలుకుతుంది. చాలకపోతే పూర్తిగా నోరు మూసుకుంటుంది. మస్టరు, అంటే హాజరు, పడనివాణ్ణి గని దిగనివ్వని గేటు మనిషి లాంటిది. అరకొరకు ఒప్పుకోదు.

సెట్లను నేను షాపు లోపల పరీక్షించను. బజారు నిండా లైట్లు, మోటార్లు, వాటి మధ్య సెట్టు సరిగ్గా పట్టదు. షాపు వెనక ఖాళీ జాగలో పెట్టి చూస్తాను. అక్కడ యేసోబు రేడియో టీ తాగినంతసేపూ ఆగకుండా వార్తలు చదివింది.

యేసోబుకు కోపం వచ్చింది. "నీ కాడ పలుకుతది, నా కాడ పలుకది. దీనికి నేనంటే పడదా?"

"సెట్టుల తప్పు లేదు. మీ ఇంటికాడ రిసెప్షన్ సరిగ్గ లేదు. వచ్చి చూస్త."

"జల్ది రావాలె అన్నా. శనివారం పదకొండింటికి నా పాట ఉంది."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వానకాలంలో రేడియోవాళ్లు వచ్చి, టబ్బులు తోసేటప్పుడు కూలీలు పాడుకున్న పాటలు రికార్డు చేసుకొని పోయారట. ఆ పాటలు వచ్చినవాళ్లలో మిగిలింది యేసోబు ఒక్కడే. ఆ సంగతి తమ లైనులో, అంటే వరుస క్వార్టర్లలో, ఇంటింటికీ చెప్పుకున్నాడు.

"మా పక్కింటి రాజమల్లు ఏమంటడో ఎర్కేనా? 'రేడియోల నీ దగ్గు వస్తది గాని పాట ఎట్లొస్తది బావా' అంటడు. శనివారం ఈ డబ్బా మూగవోతే నేను ఆ లైన్ల తల ఎత్తుకోని తిరగను."

"ఫోన్ల గూడ వినొచ్చు గదా?"

"ఫోన్ల వస్తే అది మా కోడలు ఫోను. రేడియోల వస్తేనే రేడియో."

నా బతుకే ఆ మాట మీద నడిచింది.

శుక్రవారం పోయాను. సంచిలో నా పాత ట్రాన్సిస్టర్ కూడా పెట్టుకున్నాను. అది ఎందుకో తర్వాత తెలుస్తుంది. యేసోబు రేడియో కిటికీ దగ్గర ఉంది. దాని వెనక చార్జరు తగిలించి ఉంది. బజారులో దొరికే పల్చటి చార్జరు. ముందు దాన్ని పీకేశాను. అవి కరెంటుతో పాటు నాయిస్‌ను, అంటే చెత్త తరంగాలను, వైరు గుండా నేరుగా సెట్టులోకి పంపిస్తాయి. పీకిన వెంటనే రేడియో నోరు తెరిచింది. కాసేపు పలికి, మళ్లీ ఆగింది. అంటే దొంగ ఇంకొకడు ఉన్నాడు.

డిజిటల్ సెట్టుతో ఉన్న చిక్కు ఇదే. అది దొంగ పేరు చెప్పదు, ఊరికే మౌనంగా ఉంటుంది. పాత ట్రాన్సిస్టర్ అట్లా కాదు, దొంగ అరుపును ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. సంచిలోంచి తీసి, స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, చెవి దగ్గర పట్టుకొని తిప్పాను. లోపల ఫెర్రైట్ రాడ్ అని నల్లటి కడ్డీ ఉంటుంది. రేడియోకు ఏరియల్ అదే. దాని కొన దొంగ వైపు తిరిగినప్పుడు అరుపు బాగా తగ్గుతుంది. ఆ దారి పట్టుకొని నడిచాను. రాజమల్లు వాకిట్లో, దర్వాజ పైన వెలుగుతున్న ఎల్‌ఈడీ బల్బు కింద ఆగాను. నెత్తి మీద ఎండ ఉంది.

మా కంపెనీ క్వార్టర్ల పద్ధతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ ఇంటికి కరెంటు బిల్లు రాదు. అందుకని లైటు వేయడం అందరికీ తెలుసు, ఆర్పడం ఎవరికీ అలవాటు లేదు. వాకిట్లో పెట్టిన బల్బు మాడిపోయేదాకా వెలుగుతూనే ఉంటుంది.

"రాజమల్లూ, ఈ బల్బు ఒకపారి ఆర్పు" అన్నాను.

"దానికి స్విచ్ లేదు."

"పాడైందా?"

"పెడితేగదా పాడయ్యేది. ఆర్పే పనే లేనప్పుడు స్విచ్ ఎందుకు? వైరు నేరుగ ఇచ్చిన."

"అయితే బల్బు ఇప్పు."

"ఇదేం కథ? బావకు పాట రాకపోతే నా బల్బు మీద పెడుతున్నరా?"

నేను ట్రాన్సిస్టర్‌ను బల్బు దగ్గరికి ఎత్తాను. తేనెటీగల గుంపులా హోరెత్తింది. రాజమల్లు లోపలినుంచి స్టూలు తెచ్చుకున్నాడు. చేతికి తువాల చుట్టుకొని బల్బు ఇప్పాడు. హోరు తగ్గింది. మళ్లీ బిగించాడు, హోరు వచ్చింది. మళ్లీ ఇప్పాడు.

"ఇన్ని దినాలసంది ఇది ఇట్ల మొత్తుకుంటాందా?" అని నన్నే అడిగాడు.

"దాంట్ల డ్రైవర్ అని చిన్న సర్క్యూట్ ఉంటది. కరెంటును బల్బుకు తగ్గట్టు మార్చేది అదే. నాసిరకందైతే గిట్లనే మొత్తుకుంటది. మనిషి చెవికి వినరాదు, రేడియోకు వినొస్తది."

ఆ ఒక్క బల్బుతో పని అయిపోలేదు. రాజమల్లు సంత నుంచి ఒక డబ్బా బల్బులు తెచ్చి లైనంతా పంచాడట. అందరికీ తనే వైరు బిగించాడట, తన ఇంటి మాదిరిగానే. ఏ వాకిట్లో చూసినా స్విచ్ లేదు. లైనంతా బల్బులు ఆగితే తప్ప రేడియో నిలకడగా పలకదని తేల్చి చెప్పాను. లైను చివరి ఇంటామె దర్వాజ ముందర దీపం తీయనంది. యేసోబు ముఖం చిన్నబోయింది.

"వద్దన్నా. నా పాట కోసం మంది ఇండ్లు చీకటి చేసుడెందుకు?"

"పగటీలి పదకొండింటికి చీకటేంది బావా?" అన్నాడు రాజమల్లు. "బిగించింది నేనేనాయె, ఇప్పేది గూడ నేనే. ఆ వదినెతోని నేను మాట్లాడుత."

ఏం మాట్లాడాడో నాకు తెలియదు. శనివారం నేను పోయేసరికి ఆమే స్టూలు పట్టుకొని నిలబడింది. రాజమల్లు ఒక్కో ఇంటి ముందు ఎక్కి, బల్బులు ఇప్పి బకెట్‌లో వేస్తున్నాడు.

"నా బల్బు నాకే ఇయ్యాలె. మసివట్టింది అంటగడితే ఊకోను" అంది ఆమె.

"నీది కొత్త పెండ్లికూతురు లెక్క మెరుస్తాంది వదినె, ఎక్కడున్నా గుర్తువడుత" అన్నాడు.

రేడియోను యేసోబు ఇంటి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పక్కనే నిలబడ్డాడు, చొక్కా ఇస్త్రీ చేయించుకొని. పదకొండు అయ్యింది. రేడియో తెర మీద స్టేషన్ పేరు వచ్చింది. మాట రాలేదు. లైనంతా రేడియోను చూడటం మాని నన్ను చూసింది.

"ఏందన్నా ఇది?" అన్నాడు యేసోబు.

నేను వంగి కుర్చీ వెనక చూశాను. కిటికీలోంచి సన్నటి వైరు వచ్చి రేడియోకు తగులుకొని ఉంది.

"చార్జరు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే" అన్నాడు మెల్లగా. "పాట నడుమల బ్యాటరీ సచ్చిపోతే ఎట్ల అని."

పీకేశాను. రేడియోలో ఒకామె మాట సగంలోంచి మొదలైంది. టబ్బు కూలీల పాటలు అంది, యేసోబు పేరు చెప్పింది. ఆ తర్వాత ఆయన గొంతు వచ్చింది.

ఎన్నో రేడియోలు విన్నాను గాని అంత శుభ్రంగా ఏ గొంతూ వినలేదు. గరగర లేదు, హోరు లేదు. రెండో చరణానికి ముందు ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు, వెంటనే ఒక చిన్న దగ్గు కూడా వచ్చాయి. రేడియోవాళ్లు దాన్ని కత్తిరించలేదు. పాత ట్రాన్సిస్టర్ అయితే ఆ దగ్గును గరగర మింగేసేది. ఆ పాట పాడుతూ ఆ మనిషి ఎంత దుమ్ము మింగాడో ఇందులో వినపడింది.

"చెప్పిననా లేదా?" అన్నాడు రాజమల్లు. "దగ్గు గూడ వచ్చింది."

ముందు యేసోబే నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. రేడియోలో యేసోబు పాడుతుంటే కుర్చీ పక్కన యేసోబు దగ్గుతున్నాడు. రాజమల్లు ఆయన వీపు రాస్తూ, "ఊకో బావా, ఊకో. నిన్ను విననియ్యి" అన్నాడు.

సోమవారం రాజమల్లు నా షాపుకు వచ్చాడు. లైనుకు సరిపడా స్విచ్చులు కావాలన్నాడు. నవ్వుతూ ఎందుకని అడిగాను.

"బావ దినాం రేడియో పెడతాండు. దినాం స్టూలెక్కుడు నాతోని గాదు."

అంతకుముందు ఎవరు రేడియో తెచ్చినా ముందు సెట్టు ఇప్పేవాణ్ణి. ఇప్పుడు సెట్టును ముట్టుకోకముందే ఒక మాట అడుగుతాను. "మీ ఇంట్ల ఎన్నడూ ఆర్పనిది ఏముంది?" చాలామంది ఏమీ లేదంటారు. ఇంటికి పోయి చూసుకొని రమ్మంటాను.