సగంలో ఆపేసిన రీలు

నన్ను భయపెట్టిన సినిమాలన్నీ పది పన్నెండు నిమిషాలవే. పెద్ద సినిమాలో రాక్షసుడు కోరలు చూపించినా, విలన్ కత్తి దూసినా నేను హాయిగా మరమరాలు తింటూ చూసేదాన్ని. అవన్నీ రంగులు పూసుకున్న మనుషులు చేసే పనులని చిన్నప్పుడే తెలుసు. అసలు సినిమాకి ముందు వేసే ప్రభుత్వం వారి చిన్న సినిమాలు అలా కాదు. వాటిలో పాట ఉండదు, హీరో రాడు. మన వీధిలో తిరిగేలాంటి మనుషులే కనిపిస్తారు. వాళ్ళకే ఏదో ఒకటి అవుతుంది.

అరవైల్లో మేం తెనాలిలో ఉండేవాళ్ళం. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఊళ్ళో జనమంతా చిన్న సినిమా అయిపోయాక తీరిగ్గా హాల్లోకి వస్తే, మా నాన్న మాత్రం దానికోసమే మమ్మల్ని అరగంట ముందు బయల్దేరదీసేవాడు. నేర్చుకోవలసింది అందులోనే ఉందని ఆయన నమ్మకం. ఆయన మగవాళ్ళ వైపు వెళ్ళిపోయేవాడు. అమ్మా నేనూ ఆడవాళ్ళ బెంచీల మీద కూర్చునేవాళ్ళం. సగం బెంచీలు ఖాళీ. ఆ ఖాళీలో, తెర మీద మనిషి కనిపించకుండా ఒక బరువైన గొంతు తెలుగులో మాట్లాడేది. ఆ తెలుగు ఎవరింట్లోనూ మాట్లాడే తెలుగు కాదు. ఏ ఊరివాడో, ఎక్కడ కూర్చుని చెప్తున్నాడో తెలియదు గానీ, మా ఇంట్లో సంగతులన్నీ అతనికి తెలుసునని నాకు గట్టి అనుమానం.

దోమ సినిమాలో దోమ తెరంతా నిండిపోయి, తన ముక్కుని ఒక పసిబిడ్డ బుగ్గలో దించింది. వేసవి అయినా నేను వారం రోజులు దుప్పటి ముసుగు తీయలేదు. మంచినీళ్ళ సినిమాలో చెరువు నీటి చుక్కని పెద్దది చేసి చూపిస్తే అందులో పురుగులు ఈదుతున్నాయి. నాన్న పంచె కొంగులో వడకడితే తప్ప గ్లాసు ముట్టలేదు. రైలు పట్టాలు దాటే మనిషి సినిమాలో మనిషిని చూపించలేదు, రైలు వెళ్ళిపోయాక ఒక చెప్పు మాత్రం చూపించారు. దాంతో గేటు తీసి ఉన్నా సరే, నేను వంతెన ఎక్కి చుట్టూ తిరిగి బడికి వెళ్ళేదాన్ని. అమ్మ నన్ను పిరికిగొడ్డు అని వెక్కిరించేది.

అమ్మకి భయం లేదు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెని మసిగుడ్డ లేకుండా ఉత్త చేతుల్తో దించేది. అందుకు మా వీధిలో అమ్మకి పేరు. ఎవరింట్లో శుభకార్యమైనా పెద్ద గుండిగలు దించడానికి అమ్మని పిలిచేవాళ్ళు. కాగుతున్న పాలగిన్నెకి ఆవిడ రెండు చేతులూ చుట్టి ఎత్తుతుంటే చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. నేను నా స్నేహితురాళ్ళని పిలిచి మరీ చూపించేదాన్ని.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాం. చిన్న సినిమా మొదలైంది. ఒక ఆవిడ వంట చేస్తోంది. పొయ్యి మీంచి గిన్నె దించింది, ఉత్త చేతుల్తో. కింద పెట్టింది. తర్వాత కెమెరా ఆమె వేళ్ళ దగ్గరికి వెళ్ళింది. బొబ్బలెక్కి ఉన్నాయి. ఆమె మాత్రం నవ్వుతూ పిల్లాడికి అన్నం పెడుతోంది.

"ఈమెకు నొప్పి తెలియదు. తెలియకపోవడమే ఈమె జబ్బు" అంది గొంతు.

మా పక్కన కూర్చున్న పక్కింటి అత్తయ్య సరదాగా అంది. "మా వదిన చేతులూ అంతేగా. నిప్పుల్లో పెట్టినా కాలవు."

వెనక బెంచీ వాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

తెర మీద ఒక డాక్టరు ఆ ఆవిడని కళ్ళు మూసుకోమని, మోచేతి మీద మచ్చని దూదితో తాకాడు. ఎక్కడ తాకానో చెప్పమన్నాడు. ఆమె చెప్పలేకపోయింది. ఆ తర్వాత వేళ్ళు లేని చేతులు వరసగా వచ్చాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఆడవాళ్ళు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దరోగం, పెద్దరోగం అని గుసగుసలు. అసలు పేరు ఎవరూ పలకరు. నేల క్లాసులో ఈలలు మొదలయ్యాయి. తెర ఒక్కసారి తెల్లబడి, పెద్ద సినిమా సంగీతం మొదలైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈలలు వేసినవాళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత మూడు గంటలు తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు. నేను అమ్మ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ ఎడమ మోచేతి పక్కన రేగుపండంత పాలిపోయిన మచ్చ ఉంది. రెండేళ్ళుగా ఉంది. శోభి మచ్చ అనుకుని పసుపు రాసుకునేది. మర్నాటి నుంచి ఆ మచ్చ తప్ప నాకింకేమీ కనిపించలేదు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు, నాన్న బడికి వెళ్ళాక, దీపం వత్తి కోసం తీసిన దూది కొంచెం పుల్లకి చుట్టుకుని వసారాలో అమ్మ దగ్గర కూర్చున్నాను.

"అమ్మా, ఒక ఆట ఆడదాం. కళ్ళు మూసుకో. ఎక్కడ ముట్టుకున్నానో చెప్పాలి."

అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది. నుదురు తాకాను, చెప్పింది. భుజం తాకాను, చెప్పింది. మచ్చ మీద దూది ఆనించాను. అమ్మ ఎదురుచూస్తోంది. గట్టిగా అదిమాను. ఎదురుచూస్తూనే ఉంది.

"ముట్టుకోవేంటే?" అని కళ్ళు తెరిచింది.

దూది ఇంకా మచ్చ మీదే ఉంది. అమ్మ దానికేసి చూసింది, నాకేసి చూసింది. ఆ సినిమా అమ్మా చూసిందే. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోవడం నేను అంత దగ్గర నుంచి చూశాను. అమ్మ భయపడగా చూడటం నాకదే మొదటిసారి. దాని ముందు నా దోమల భయాలూ రైలు భయాలూ ఒక లెక్కలోవి కావు.

అమ్మ మెల్లగా అంది. "నాన్నకి చెప్పకు. ఎవరికీ చెప్పకు. తెలిస్తే నాన్న బళ్ళోంచి పిల్లల్ని మానిపిస్తారు. ఇల్లుగలావిడ బావి దగ్గరికి రానీదు. నన్నెక్కడికో పంపించేస్తారు."

"మరి చేతులమ్మా?"

"చేతుల సంగతి చూశాంగా తెర మీద."

వారం తిరక్కుండా నన్ను బాపట్లలో అమ్మమ్మ దగ్గరికి పంపేసింది. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒక్కతే ఉంది, తోడుగా ఉండి అక్కడే చదువుకుంటుంది అని నాన్నకి చెప్పింది. నాన్న నమ్మాడు. నాకు అంటుకోకూడదని పంపిందని నాకు తెలుసు. స్టేషన్లో రైలెక్కేటప్పుడు కూడా నన్ను ముట్టుకోలేదు. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

బాపట్లలో ఆరునెలలు నేను భయాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. నాన్న ఉత్తరాల చివర "అమ్మ క్షేమం" అని ఉండేది. ఆ రెండు మాటల్నీ పదేపదే చదివేదాన్ని. అమ్మకి చదువు రాదు, నేనేం రాసినా నాన్నే చదివి వినిపించాలి, కాబట్టి నేనేమీ రాయలేకపోయాను. మా బడికి సమాచార శాఖ వ్యాను వచ్చి సినిమాలు వేసేది. ఒకసారి తుఫాను సినిమా వేశారు. సముద్రం లేచి కొబ్బరిచెట్ల నెత్తి మీద నుంచి వచ్చింది. ఆ నెలలో అమ్మమ్మ సూర్యలంక స్నానానికి తీసుకెళ్తే నేను తడి ఇసుక దాకా కూడా వెళ్ళలేదు. అమ్మమ్మ ఒక్కతే మునిగి వచ్చి నన్ను చెడామడా తిట్టింది.

ఇంకోసారి వ్యాను మధ్యాహ్నం వచ్చింది. హాలు కిటికీలకి గోనెపట్టాలు కట్టారు. ముందు చోటు చాలక మా క్లాసుని తెల్లగుడ్డ వెనక కూర్చోబెట్టారు. అక్కడినుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది, కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుంది. ఒక ఆవిడ గిన్నె దించింది. అదే సినిమా. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. దూది వచ్చింది, వేళ్ళు లేని చేతులు వచ్చాయి. ఇక అయిపోవాలి. అయిపోలేదు.

"కానీ భయపడనక్కర లేదు" అంది ఆ గొంతు.

కళ్ళు తెరిచాను. అదే ఆవిడ ఆసుపత్రి వరండాలో మాత్ర వేసుకుంటోంది. ఇంటికెళ్తోంది. మొగుడూ పిల్లాడూ పక్కనే ఉన్నారు. గుడ్డతో పట్టుకుని గిన్నె దించుతోంది. ఆమెకి పదివేళ్ళూ ఉన్నాయి. పదీ ఉన్నాయా లేదా అని లెక్కపెట్టాను.

సినిమా అయ్యాక, ఆ జబ్బు చూసే ఆసుపత్రి ఉద్యోగి మా వీపులూ చేతులూ వరసగా పరీక్ష చేశాడు. సైకిలు మీద ఊరూరూ తిరిగే మనిషి. నా వంతు వచ్చింది.

"సార్, చివర్లో చూపించింది నిజమేనాండి?"

"నిజమేనమ్మా. ఎందుకు, ఎవరికన్నా ఉందా?"

"లేదండి" అన్నాను. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాను. "మా అమ్మకండి. తెనాల్లో."

ఆయన గొంతు తగ్గించాడు. "తెనాలి ఆసుపత్రిలో బుధవారం బుధవారం చూస్తారు. ఇంట్లోనే ఉండి మందు వాడుకోవచ్చు. వేళ్ళు వంగినయ్యా?"

"తెలీదండి. చూసి ఆరునెలలైంది."

"తొందరగా తీసుకెళ్ళమను" అన్నాడు.

శనివారం దాకా అన్నం సరిగ్గా తినలేదు. బెంగ పెట్టుకుందని అమ్మమ్మే రైలెక్కించింది. ఇంట్లోకి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మా, ఆ సినిమా అక్కడితో అయిపోలేదు. ఇంకా ఉంది."

"ఏంటే ఉంది?"

"మందుంది. ఆవిడకి తగ్గిపోద్ది. మళ్ళీ వండుద్ది."

అమ్మ గుమ్మం పట్టుకుని కూర్చుంది. అప్పుడు చూశాను. ఎడమచేతి చిటికెనవేలూ ఉంగరంవేలూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. నేను చెయ్యి పట్టుకుని ఆ వేళ్ళు సాగదీయబోయాను. రాలేదు.

నాన్నకి నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. బుధవారం సెలవు పెట్టి అమ్మని తీసుకెళ్ళాడు. జబ్బు మాత్రలతో తగ్గుతుంది, నెలలు కాదు ఏళ్ళు పడుతుంది, కానీ ఆ రెండు వేళ్ళూ ఇక తిరిగి రావు, ఆరునెలల ముందు వస్తే దక్కేవి అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం నాన్న నన్ను వెంటపెట్టుకుని సినిమాహాలుకి వెళ్ళాడు. మిషను ఆడించే ఆపరేటరుని, ఆ సినిమా సగంలో ఎందుకు ఆపావని అడిగాడు.

"అన్నీ సగమే వేస్తామండి మాస్టారూ. జనం గోల చేస్తారు. అవెవరు చూస్తారండి?" అన్నాడు అతను మర్యాదగానే.

నాన్న ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు. ఈలలు విని నేనెంత సంతోషపడ్డానో ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఆ రోజే కాదు, ఆయన పోయేదాకా రాలేదు.

అమ్మ నాలుగేళ్ళు మాత్రలు వేసుకుంది. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాడు. స్పర్శ మాత్రం రాలేదు. సంగతి మా గడప దాటలేదు. డెబ్బైల్లో నన్ను రేపల్లె ఇచ్చారు. పెళ్ళిచూపులప్పుడు అమ్మ ఎడమచెయ్యి కొంగులోంచి తీయలేదు. ఆ భయంతోనే కాపురానికి వెళ్ళాను. ఎప్పుడు బయటపడుతుందో, ఆ రోజు నన్నేం చేస్తారో అని.

బాబు తెనాలిలో పుట్టాడు. అక్కడున్నన్నాళ్ళూ బాపట్ల నుంచి మా అమ్మమ్మ వచ్చి వాడికి నీళ్ళు పోసింది. మూడోనెలలో అమ్మ మమ్మల్ని రేపల్లె దిగబెట్టడానికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మా అత్తగారు పెరట్లో పీట వేసి, నలుగుపిండి కలిపి, గంగాళం నిండా వేణ్ణీళ్ళు పెట్టింది.

"ఇవాళ మీరు పొయ్యండి వదినగారూ. అమ్మమ్మ చేతి నీళ్ళు బిడ్డకి మంచిది."

తప్పించుకునే దారి లేదు. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. అత్తగారు బాబుని ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టింది. వాడి నెత్తి అమ్మ పాదాల దగ్గర, చెంబు అమ్మ చేతికందేంత దూరంలో. గంగాళంలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. అమ్మ చెంబు ముంచి చెయ్యి అందులో పెట్టింది. అలవాటుగా పెట్టింది. ఆ చేతికేం తెలుస్తుంది? అమ్మ చెంబు పైకెత్తి, ఆగి, కింద పెట్టేసింది.

"నేను పొయ్యలేనండి" అంది. "నా చేతికి వేడి తెలీదు."

"తెలీకపోవటం ఏంటండి?"

అమ్మ ఎడమచెయ్యి కొంగులోంచి తీసి బిడ్డ పక్కన పెట్టింది. "నాకు పెద్దరోగం వచ్చి తగ్గింది వదినగారూ. నాలుగేళ్ళు మందు వాడాను. ఇప్పుడు లేదు. వేళ్ళు మాత్రం ఇట్టా ఉండిపోయినయి."

అత్తగారు ఆ వేళ్ళకేసి చూసింది. అమ్మ కాళ్ళ మీద ఉన్న బాబుకేసి చూసింది. వంగింది. బిడ్డని లాక్కుంటుందనుకున్నాను. నన్నూ అమ్మనీ కట్టుబట్టలతోనే తెనాలి రైలెక్కిస్తుందనుకున్నాను.

"బిడ్డకి అంటదుగా?" అంది.

"అంటదండి. నేనైతే ప్రాణం పోయినా అబద్ధం చెప్పను, వాడి విషయంలో" అంది అమ్మ.

అత్తగారు గంగాళంలో తన మోచెయ్యి ముంచి చురుక్కున వెనక్కి తీసుకుంది. "అమ్మో, బొబ్బలెక్కేవి పిల్లాడికి" అని, నాకేసి తిరిగింది. "చూస్తా నిలబడ్డావేంటి, చన్నీళ్ళు తే."

తెచ్చాను. అత్తగారు చన్నీళ్ళు కలిపి, మళ్ళీ మోచెయ్యి పెట్టి చూసి, చెంబుతో పోసింది. అమ్మ వంగిపోయిన వేళ్ళతోనే వాడి మెడ కింద చెయ్యి వేసి, రెండో చేత్తో నలుగు రుద్దింది. వాడు కేర్‌మని ఏడ్చి ఊరుకున్నాడు. నేను మాత్రం మిగిలిన చన్నీళ్ళు పట్టుకుని స్నానం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.