రెండు మూపురాల గీత

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా బాబాయికి విత్తనాల కొట్టు ఉండేది. పక్కింటి అక్క గీతలు గీసి ఆ కొట్టు మూయించిందని మా వాళ్ళు మొన్న పెళ్ళిలో కూడా చెప్పుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ విని ఊరుకున్నందుకు నా మీద నాకే ఎక్కువ మండింది. జరిగింది ఇది.

అక్క నందిగామలో డిగ్రీ చదివేది. వాళ్ళ నాన్న వత్సవాయి దగ్గర పొలం కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. ఆ ఏడు మా కొట్టు విత్తనమే వేశాడు. కాపు నిలవలేదు. విత్తనం మంచిది కాదని అడిగితే బాబాయి నలుగురిలో, "నా విత్తనం వేసినోళ్ళ సరాసరి, పక్క కొట్టు వాళ్ళ సరాసరి ఒకటే. సేద్యం చేతకాకపోతే నేనేం చేసేదయ్యా" అన్నాడు. ఆ మాట పొలం ఆసామి చెవిన పడింది. చేతకానివాడికి మళ్ళీ కౌలు ఇవ్వనన్నాడు.

అక్క ఏడవలేదు. పత్తి అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చిన రైతులందరినీ ఎకరానికి ఎంత పండింది, విత్తనం ఎక్కడ కొన్నారు అని అడిగింది. గ్రాఫు కాగితం మీద అడ్డంగా దిగుబడి, నిలువుగా రైతుల సంఖ్య. రెండేసి క్వింటాళ్ళకు ఒక తరగతి, ప్రతి తరగతికీ నడిమధ్యన ఒక చుక్క. చుక్కలన్నీ కలిపితే ఒక్కో కొట్టుకు ఒక్కో రంగు గీత. దాన్ని పౌనఃపున్య బహుభుజి అంటారని తర్వాత చదువుకున్నాను. మా పుస్తకంలోలా కమ్మీలు గీయవేం అని అడిగాను.

"కమ్మీల మీద కమ్మీలేస్తే కిందవి కనపడవురా. గీతలైతే ఎవరి దారి వాళ్ళదే."

పక్క కొట్టు నీలం గీత మధ్యలో ఒకే గుట్టలా లేచి దిగింది. మా ఎర్ర గీతకు రెండు మూపురాలు వచ్చాయి. తక్కువ పండిన వైపు ఒకటి, బాగా పండిన వైపు ఒకటి. ఆ రెంటి నడుమ గీత నేలను తాకింది. సరాసరి సరిగ్గా అక్కడే పడింది.

బాగా పండించిన వాళ్ళంతా పెద్ద రైతులు. వాళ్ళకు బాబాయి లోపలి గదిలోంచి సీలు తీయని సంచులు ఇచ్చేవాడు. చిన్న రైతులకు గుమ్మం దగ్గర సంచి విప్పి కొలిచి పోసేవాడు. అందులో పాత విత్తనం కలిపేవాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అక్క ఆ కాగితం తెచ్చి కొట్టు బల్ల మీద పరిచింది. చుట్టూ రైతులు, వాళ్ళలో ఆసామి.

"సరాసరి ఇదిగో, ఇక్కడుంది బాబాయిగారూ. మీ విత్తనంతో ఇంత పండించినాయన్ని ఒక్కర్ని పిలవండి."

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఇయ్యన్నీ."

"పిలవవయ్యా షావుకారూ, మేమూ చూసి పోతాం" అన్నారెవరో వెనకనుంచి.

పిలవడానికి ఎవరూ లేరు. ఆసామి కాగితం మీద చిన్న రైతుల మూపురం దగ్గర వేలు పెట్టి చూసి, అక్క నాన్నతో "పొలం నువ్వే చేసుకో" అన్నాడు. మరుసటి ఏడు మా కొట్టు గుమ్మం ఎవరూ తొక్కలేదు. దాన్ని మూయించింది అక్క గీత కాదు, ఆ గుమ్మం దగ్గరి సంచి.

ఇవాళ్టికీ ఎవరైనా సరాసరి చెప్పి నా నోరు మూయించబోతే, అక్కడ నిలబడ్డ మనిషిని చూపించమంటాను.