గుమ్మం బయట తొడిగిన చక్రాలు

నా చిన్నప్పుడు ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. అమెరికాలో మేముండే ఊరు కమ్మింగ్‌లో మా వంటింటి బల్లే నాకు బడి, అమ్మే టీచరు. లెక్కల మధ్యలో అక్క తడిసిన బూట్లతో గుమ్మంలో నిలబడి, "మీ తాతయ్య, మీ నాన్న కలిసి ట్రాక్టర్‌కి ఇంకా రెండు వీల్స్ పెడుతున్నారు. సీరియస్‌గా! వచ్చి చూడు" అంది. అమ్మ పుస్తకం మూసి, చక్రం చుట్టుకొలత కనుక్కు రమ్మని టేపు ఇచ్చి పంపింది.

సంగతేమిటంటే, మా నాయనమ్మ తాతయ్యతో కలిసి ఇండియా నుంచి వస్తూనే పెరటి వెనక మిట్ట మీద గోంగూర వేసింది. అది ఏపుగా పెరిగేసరికి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. అక్క కబురు తెచ్చిన మర్నాడే ఆవిడ తిరుగు ప్రయాణం. వెళ్ళేలోగా ఒక్కసారైనా తన చేత్తో కోసుకోవాలని ఆవిడ ఆశ. గడ్డి కోసే మా చిన్న ట్రాక్టర్ వెనక బండిలో కుర్చీ కట్టి ఎక్కిద్దామంటే, వానకు ఎర్రమట్టి సబ్బులా జారుతోంది. చక్రాలు ఉన్నచోటే తిరిగి, నాన్న ప్యాంటుకు రంగు వేశాయి తప్ప అంగుళం కదల్లేదు.

వరి మడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ దిగబడకుండా టైర్ల పక్కన ఇంకో జత ఇనుప చక్రాలు తగిలించడం తాతయ్యకు అలవాటు. నాన్న అలాంటిదే ఏదో వీడియోలో చూశారు. ఇద్దరూ ఒక మాట మీదికి రావడం మా ఇంట్లో అరుదు కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. లావుపాటి గొట్టం ముక్కలకు రెండు వైపులా ఇనుప బిళ్ళలు వెల్డింగ్ చేశారు. ఒక బిళ్ళ లోపలి చక్రానికి, రెండోది బయటి చక్రానికి. వాన పడుతోందని బిగింపంతా షెడ్డులోనే. చక్రం చుట్టుకొలత నా పాఠమైంది. తలుపు వెడల్పు మాత్రం ఎవరి పాఠమూ కాలేదు.

తాతయ్య బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. నాన్న ముందుకు పోనిచ్చారు. నిమ్మకాయలు చక్కగా చితికాయి. ముందు సగం బయటికొచ్చింది. వెనక చక్రాలు గుమ్మానికి రెండు వైపులా ధన్‌మని తగిలి, ట్రాక్టర్ అక్కడే ఆగిపోయింది.

"తలుపు కొలవలేదా నాన్నా?" అని నాన్న తాతయ్యను అడిగారు.

"నీ షెడ్డు, నీ తలుపు. నన్నడుగుతావేంట్రా?"

నాన్న గుమ్మం కోయడానికి రంపం తెచ్చారు. తాతయ్య గోడే విప్పాలంటూ గునపం పట్టారు. "అంకుల్, షెడ్ కూడా పైకి తీసుకెళ్దామా?" అని అక్క అడిగితే ఎవరూ నవ్వలేదు. మళ్ళీ మబ్బు పడుతోంది. వరండాలో నాయనమ్మ ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకుని మిట్ట వైపు చూసింది, తరువాత వీళ్ళ వైపు.

"ఒరేయ్, చెప్పులు ఇంట్లో వేసుకుని బయటికెళ్తామా? ఆ పై జత విప్పి, గుమ్మం దాటాక తొడగండి."

రంపం, గునపం రెండూ మెల్లగా కిందికి దిగాయి.

బయట తొడిగాక ట్రాక్టర్ జారకుండా మిట్టెక్కింది. వెనక కుర్చీలో నాయనమ్మ ఊరేగింపులో అమ్మవారిలా ఉంది. బుట్ట నిండా కోసుకుని, తొలి కట్ట తాతయ్య చేతిలో పెట్టి, "చక్రాలు భలే చేశారండీ" అంది. తలుపు ఊసు ఎత్తలేదు. తాతయ్య మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు నేనూ నా పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చెబుతున్నాను. పొద్దున్నే దేవుడి గదిలోకి వెళ్ళబోతూ ఒక్క క్షణం ఆగుతాను. పంతమో, కోపమో, నాతోపాటు గుమ్మంలో పట్టనంత వెడల్పుగా ఏదైనా ఉంటే విప్పి బయట పెడతాను. కావాలంటే వచ్చేటప్పుడు తొడుక్కోవచ్చు. దేవుడి దయవల్ల చాలాసార్లు ఆ అవసరం పడదు.

నాయనమ్మ మళ్ళీ అమెరికా రాలేదు. మీరు ఏ గుమ్మం ముందైనా చెప్పులు విడిచేటప్పుడు, ఒళ్ళో గోంగూర బుట్టతో ట్రాక్టర్ బండిలో కూర్చున్న మా నాయనమ్మను ఒక్కసారి తలుచుకోండి.