ఒకటో నెంబరు ఎవరిది

రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పాసైనవాడికి ఆ రోజుల్లో నంద్యాలలో రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి ట్యుటోరియల్లో ఇంగ్లీషు చెప్పడం. రెండోది దాని ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని ప్రభుత్వాన్ని సరిదిద్దడం. రెండోదాంట్లో నాకు కొంచెం పేరు కూడా వచ్చింది. దానికి జీతం లేదని మా నాయన గుర్తు చేయడంతో పరిశోధనలో చేరాను. ఇదీ దాదాపు అటువంటిదేనని ఆయనకు చెప్పలేదు.

విషయం పెద్దది: పల్లెల్లో పార్టీలు, మతం. రాష్ట్రంలో కొత్త పార్టీ గద్దెనెక్కి ఏడాది దాటింది. మనుషులు పార్టీ ఎందుకు మారతారు, దేవుడికీ ఓటుకూ ఏమిటి సంబంధం అని చదువుకున్న పెద్దలందరూ రాస్తున్నారు. మా ప్రొఫెసర్ కూడా ఇరవై నాలుగు ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేసి, పైన యూనివర్సిటీ ముద్ర వేయించి, ఏదైనా ఒక ఊరు పట్టుకుని వంద ఇళ్లు అడిగి రమ్మన్నారు. నేను ఆళ్లగడ్డకు నాలుగు మైళ్లలో ఉన్న మా మేనమామ ఊరు పట్టుకున్నాను. శాస్త్రీయమైన కారణం ఏమిటంటే అక్కడ భోజనం ఉచితం.

ఆ ఊళ్లో రెండు వీధులు. పైవీధి, కిందవీధి. రెండూ కలిసేచోట ఒక రాతి అరుగు. అహోబిలం స్వామి ఏటా పల్లకీ ఎక్కి, తన పెళ్లికి రమ్మని ఊరూరా తిరిగి పిలుస్తాడు. దాన్ని పారువేట అంటారు. పల్లకీ దించే ఆ అరుగును తెలుపు అంటారు. మా మామది పైవీధి. అత్త పుట్టిల్లు కిందవీధి. మిద్దె ఎక్కితే పుట్టింటి పొయ్యి పొగ కనిపిస్తుంది. అంతవరకే. ఆరేళ్ల కిందట ఏదో సొసైటీ ఎన్నికలో రెండు వీధులకూ చెడింది. కొన్ని గడ్డివాములూ, ఒకాయన మూడు వేళ్లూ పోయాయి. అప్పటినుంచీ ఈ వీధివాళ్లు ఆ వీధిలో కాలు పెట్టరు. పల్లకీ తెలుపు మీద ఉన్నంతసేపు మాత్రం ఎవరు ఎక్కడికైనా పోవచ్చు. స్వామి పెళ్లికి పిలవడానికి వచ్చినప్పుడు దారులు కాస్తే బాగుండదని ఇద్దరికీ ఒకేసారి తోచింది. ఆ ఆరేళ్లలో వాళ్లకు కలిసి తోచింది అదొక్కటే.

అత్త తన తల్లిని చూసేది ఏడాదికి ఆ రెండు మూడు గంటలే. ఆ ఏడు ముసలామె మంచం దిగడం లేదనీ, గంజి తప్ప దిగడం లేదనీ పాలామె కబురు తెచ్చింది. అత్త తన పాత చీరలు నాలుగు కలిపి మెత్తటి బొంత కుట్టడం మొదలుపెట్టింది. పల్లకీ నాటికి ముగించాలి.

నేను పైవీధిలో యాభై ఇళ్లు ముగించాను. అంటే, యాభైమంది మగవాళ్లు నన్ను ప్రశ్నలడిగారు. మొదటి ఫారం మామది. "మా ఇంట్లో తిని మమ్మల్నే విచారిస్తాండావా?" అని పేరూ వయసూ చెప్పి లేచాడు. వయసు మీద నాకు అనుమానం ఉంది. ఆ ఫారంతో సాయంత్రందాకా ఈగలు తోలుకున్నాడు.

కిందవీధికి వెళ్లే దారి లేదు కాబట్టి అత్తవాళ్ల అన్నను ఆళ్లగడ్డ బస్టాండు హోటల్లో పట్టుకున్నాను. వరసకు నాకు పెదనాయన. ఆ వీధికి పెద్ద. నమ్మకం కలగడానికి నా ఫారాల కట్ట ఆయన ముందు పెట్టాను. అది నా తప్పు.

ఆయన దోసె వదిలేసి, చేయి తుడుచుకుని, కట్ట తిప్పాడు.

"ఒకటి మీ మామా?"

"మొదట రాసింది ఆయనదే పెదనాయనా."

"రెండు, మూడు, నాలుగు... యాభైదాకా పైవీధేనా? మేం యాభై ఒకటినుంచా?"

"అది ఊరికే వరస నెంబరు."

"ఊరికేనా? ఉత్సవంలో మీరేం చేస్తారని రాసుండాది ఈడ. పారువేట ముందర వచ్చి, నెంబర్లేసి, ముద్రేసి, ఊరికే అంటావా? ఎవుర్రా పంపించింది నిన్ను?"

సంగతేమిటంటే, తెలుపు మీద మొదటి టెంకాయ ఒక ఏడు పైవీధిది, మరో ఏడు కిందవీధిది. ఈ ఏడు వంతు కిందవీధిది. ఆయన లెక్కలో, పైవీధివాళ్లు చదువుకున్న అల్లుణ్ణి పెట్టుకుని ఆ వంతును కాగితం మీద తమ పేర రాయించుకుంటున్నారు.

మామకు చెబితే నవ్వుతాడనుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఒకటో నెంబరు నాదేనా?"

"నీదే, కానీ..."

"ముద్ర ఉండాదా?"

"ఉంది, కానీ..."

"ఇంగ కానీ ఏంది? టెంకాయ మాదే."

సంస్థలు ఎలా పుడతాయో మా ప్రొఫెసర్ ఒక ఏడాదంతా పాఠం చెప్పారు. నేను ఒక మధ్యాహ్నంలో ఒకదాన్ని పుట్టించాను.

మర్నాడు పల్లకీకంటే ముందుగా దారి చూసుకునే అయ్యవారు వచ్చారు. మెత్తటి మనిషి. రెండు వీధుల మాటలూ విని, "గలాటా ఉన్నచోట స్వామిని దించలేం నాయనా. ఊరి బయటనుంచే హారతి ఇచ్చుకుని సాగిపోతాం. రేపు పొద్దున్నలోగా ఒక మాట మీదికొస్తే కబురు పంపండి" అని పక్క ఊరికి వెళ్లిపోయారు.

అత్త వాకిట్లో నిలబడి అంతా విన్నది. లోపలికి వెళ్లి, ఒక అంచు మాత్రమే మిగిలిన బొంతను మడిచి పెట్టెలో పెట్టింది.  

మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది.

"నన్నెందుకు అడగల్యా నువ్వు?"

"ఇంటి యజమానినే అడగాలత్తా. పద్ధతి."

"యాభై ఇండ్లల్లో ఒక్క ఆడమనిషి కూడా పనికి రాలేదా? ఓట్లు మాకూ ఉండాయి గదా."

నిజమే. పార్టీల మీదా మతం మీదా అన్ని పుస్తకాలు చదివినవాడికి ఆ సంగతి తట్టలేదు. ముద్ద నోట్లో ఉండగానే ఆలోచన వచ్చింది. చేయి కడుక్కుని కట్ట తీసుకుని తెలుపు దగ్గరికి నడిచాను. అరుగుకు అటుపక్క పెదనాయన, ఇటుపక్క మామ నిలబడి, ఒకరినొకరు చూసుకోకుండా కోపంగా ఉన్నారు.

"నెంబర్లు తప్పు పడ్డాయి. మళ్లీ వేస్తున్నాను. ఒకటో నెంబరు మా అత్తది" అన్నాను.

మామ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నా పెండ్లాం. పైవీధి మనిషి. రాసుకో."

"మా ఇంటి ఆడబిడ్డ. కిందవీధిలో పుట్టింది. రాసుకో" అన్నాడు పెదనాయన, అరుగుతో చెబుతున్నట్టు. వెంటనే, "రెండు ఎవురికి?" అన్నాడు.

దీనికి నేను సిద్ధంగా లేను. "మీ అమ్మకు" అన్నాను.

అందరూ మామ వైపు చూశారు. "ముసలామెతో పోటీ ఏందప్పా నాకు" అన్నాడు ఆయన. ఒకటో నెంబరు తమదేనని రెండు వీధులూ నమ్మాయి కాబట్టి టెంకాయను పాత వంతుకే వదిలేశారు. అయ్యవారికి కబురు వెళ్లింది. మూడునుంచి అటొకటి ఇటొకటి వేస్తూ, కిందవీధికి ఉంచిన ఖాళీ ఫారాలతో సహా, నెంబర్లన్నీ ఎర్ర సిరాతో దిద్దాను. అత్త పెట్టె తెరిచింది.

మర్నాడు మూడు గంటలకు పల్లకీ దిగింది. మొదటి టెంకాయ పెదనాయన కొట్టాడు. మామ కొట్టేవైపు చూడలేదు కానీ కొబ్బరి చిప్ప తీసుకున్నాడు. అత్త బొంతతో, నేను ఫారంతో కిందవీధిలోకి నడిచాం. ముసలామె మంచం మీద వాకిలి వైపే తిరిగి పడుకుని ఉంది.

"ఎవురే ఈ పిల్లోడు?"

"మా ఆడబిడ్డ కొడుకులేమ్మా. నీకు రెండో నెంబరిచ్చినాడు."

"ఒకటి ఎవురికి?"

"నాకు."

"పుట్టినప్పటినుంచీ ఇంతే ఇది. అన్నిటికీ ముందు" అని, బొంత అంచు పట్టుకుని కుట్టు చూసింది. "ఈడ దూరం దూరం ఏసినావే."

"బేగా ముగించాల్సొచ్చెలే."

నేను గొంతు సవరించుకుని, ఏ పార్టీకి ఓటేస్తావవ్వా అని అడిగాను. వీధి ఎటంటే అటేనంది. మరి దేవుడికీ ఓటుకూ ఏమైనా సంబంధం ఉందా అన్నాను. ఆమె అత్త చేయి వదలకుండా నా వైపు చూసింది.

"ఓట్లప్పుడు ఎవురెవురో నా ఇంటికొచ్చిరి. ఇది రాల్యా. దేవుడొచ్చినప్పుడు ఇది వచ్చె. రాసుకో."

రాసుకున్నాను. మూడో ప్రశ్న అడిగేలోపల డప్పులు మొదలయ్యాయి. పల్లకీ ఎత్తుతున్నారు. "తక్కింది వచ్చే ఏడు చెప్తాలే పో" అంది. అత్త వెనక్కి చూడకుండా నడిచింది. మామ తెలుపు దగ్గర కొబ్బరి చిప్ప పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎట్లుంది?" అని నన్నడిగాడు, ఆమెను కాదు. "ఇదిగో, ముసలామెకు ఇది అంపించలేకపోయినా" అని చిప్ప నా చేతిలో పెట్టి ముందుకు నడిచాడు.

ఆ వేసవి దాటకుండానే ముసలామె పోయింది. తక్కిన ఇరవై రెండు ప్రశ్నలూ అలాగే ఉన్నాయి.

కిందవీధివాళ్ల ఫారాలు తర్వాత ఆళ్లగడ్డ హోటల్లో ఒక్కొక్కటిగా నింపుకున్నాను. ప్రొఫెసర్ నా కట్ట చూసి, పని బాగానే చేశావన్నారు. ఒకటో నెంబరూ రెండో నెంబరూ ఇంటి యజమానులు కారు కాబట్టి తీసేయమన్నారు. తీసేశాను. నా పట్టికలు మూడో నెంబరునుంచి మొదలవుతాయి. ఎందుకని పరీక్షకులెవరూ అడగలేదు. ఆ రెండు ఫారాలూ నా దగ్గరే ఉండిపోయాయి.

థీసిస్ మాత్రం యూనివర్సిటీ లైబ్రరీలో చేరింది. ఒకసారి వెళ్లి చూశాను. దానికి రెండువేల పైచిలుకు నెంబరు వేశారు. ఎవరూ గలాటా చేయలేదు.