మూడో ఫ్లాషు

ఫోటోగ్రాఫర్లు అబద్ధాలకోర్లే, కాదనను. నల్లటివాణ్ణి తెల్లగా చేస్తాం. బట్టతల మీద పెన్సిలుతో జుట్టు మొలిపిస్తాం. కానీ ఇది మాత్రం నా కెమెరా మీద ఒట్టు... జరిగింది. పాల్వంచలో, మా ఇంట్లోనే.

డిజిటల్ కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఒకనాడు పొద్దున్నే సమ్మయ్య వచ్చాడు. మా ఊరి ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. సొంతూరు పర్ణశాల దాటాక అడవిలో ఒక గూడెం.

"అన్నా, మా అమ్మ రాత్రి పానం ఇడిసింది. ఆమెది ఒక్క ఫోటో గూడ లేదు. నువ్వు రావాలె."

"కలర్ తీద్దామా?"

"వద్దన్నా. నాయినది కలర్లనే తీపిచ్చినం. పొయ్యి పొగకు, వానల తడికి మూడేండ్లకే మొఖం పోయింది. బ్లాక్ అండ్ వైట్ అయితే నిలుస్తది. కండ్లు మాత్రం నువ్వే తెరిపియ్యాలె."

మా పనిలో ఇది మామూలే. బతికుండగా ఫోటో దిగనివాళ్లను పోయాక కూర్చోబెట్టి తీస్తాం. ప్రింటు ఆరాక, మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్లు గీస్తాం. కలర్‌లో అది అతుకేసినట్టు కనబడుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మేం గూడెం చేరేసరికి ముసలమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మూడు ఫోటోలు తీశాను. మూడో ఫ్లాషుకు రెప్ప కదిలినట్టనిపించింది... ఫ్లాషు వెలుగులో అలా అనిపిస్తుందిలే అని సర్దుకున్నాను. మధ్యాహ్నానికి మట్టి చేశారు. నేనూ పిడికెడు మన్ను వేశాను.

మూడో రోజు రాత్రి ప్రింటుకు కూర్చున్నాను. నా డార్క్‌రూమ్ ఒకప్పటి వంటగది. పగలు పెంకుల సందుల్లోంచి వెలుతురు వస్తుంది, అందుకే రాత్రిళ్లు పని. తలుపుకు లోపల గడియ లేదు. పిల్లలు తోసుకొచ్చి, వెలుతురు తగిలించి ఫోటో పేపరు పాడుచేస్తారని మా ఆవిడ సరోజ బయటినుంచి గొళ్లెం పెట్టేది. తెల్ల బల్బు స్విచ్చి కూడా బయటే. ఒకసారి పొరపాటున నొక్కి డబ్బాడు పేపరు తగలేశాను, అప్పుడు మార్పించాను. పనయ్యాక తలుపు కొడితే సరోజ వచ్చి తీస్తుంది. అంత జాగ్రత్తమంతుణ్ణి నేను!

మూడింట్లో మూడోదే స్పష్టంగా వచ్చింది. గోరంత నెగెటివ్‌లో కళ్లేం తెలుస్తాయి? పేపరు మీద వెలుగు వేసి, మందునీళ్ల ట్రేలో వదిలాను. మెల్లగా కదుపుతున్నాను. ఎర్ర బల్బు వెలుతురు. ముందు జుట్టు వచ్చింది. తర్వాత ముక్కుపుడక. తర్వాత...

కళ్లు.

తెరిచి ఉన్నాయి.

గీసిన కళ్లు నాకు తెలియవా? వీటిలో ఫ్లాషు చుక్క మెరుస్తోంది. తడి ఉంది. తిన్నగా నన్నే చూస్తున్నాయి. నేనింకా కుంచె ముట్టనే లేదు.

టప్... ఎర్ర బల్బు మాడిపోయింది.

చీకటంటే నాకు భయం లేదు. నేను అన్నం తినేదే చీకట్లో పనిచేసి. కానీ ఆ చీకటి వేరు... మీద పడుతున్నట్టుంది. మందు వాసన పోయి, పచ్చి మన్ను వాసన వచ్చింది. తడుముకుంటూ పోయి తలుపు కొట్టాను.

"సరోజా!"

పలుకు లేదు. రెండు చేతులా బాదాను. అరిచాను. గొంతు గదిలోనే ఉండిపోయింది. ఊపిరి ఆడటం లేదు. అప్పుడు తట్టింది నాకు... ఆ ముసలమ్మ కూడా ఇలాగే కొట్టి ఉంటుందా? పైన మట్టి. మేమంతా కాళ్లు కడుక్కుని ఇళ్లకు పోయాం.

కొట్టడం ఆపేశాను.

కానీ చప్పుడు ఆగలేదు.

టక్... టక్... టక్...

తలుపు దగ్గర కాదు. నా పాదాల కింద. చాలా లోతులోంచి. అలిసిపోయిన చెయ్యి కొట్టినట్టు. ఒక్కో దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతోంది... నేను నేల మీద పడి చెవి ఆనించాను. టక్... మళ్లీ ఎంతో సేపటికి, ఇంకొకటి. ఆ తర్వాత లేదు. అది ఆగినందుకు నేను ఏడ్చాను.

గొళ్లెం తీసిన చప్పుడు. సరోజ.

"ఏందయ్యా, ఇంక గాలేదా?"

"ఎంతసేపు కొట్టిన్నో తెల్సా నీకు?"

"ఎప్పుడు? నేను తలుపుకు ఒరిగే కూసున్న. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. ఒక్క సప్పుడు గూడ ఇనవడలే."

నా అరచేతులు ఎర్రగా వాచి ఉన్నాయి.

తెల్లారి చూస్తే, ఆరిన ఫోటోలో ఆ కళ్లు అలాగే తెరిచి ఉన్నాయి. నెగెటివ్ చూద్దామని భూతద్దం తీశాను. మళ్లీ లోపల పెట్టేశాను. పిరికివాణ్ణి, ఒప్పుకుంటాను. గూడేనికి పోయి తవ్వించమనాలా? మూడు రోజులయ్యాక ఏమని చెప్పను? మందు వాసన తలకెక్కిందో, నేనే ఎప్పుడో కళ్లు గీసి మరిచానో, నిజంగానే ఆమె... ఇప్పటికీ నాకు తెలియదు.

సాయంత్రం డ్యూటీ దిగి సమ్మయ్య వచ్చాడు. ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ కళ్ల మీద మెల్లగా రాశాడు.

"నీ చెయ్యి సల్లగుండ అన్నా. అమ్మ అచ్చం గిట్లనే సూస్తుండె. ఇవి... నువ్వే గీసినవ్ గద?"

"అవ్," అన్నాను.

ఇంకేమనాలి? మీరే చెప్పండి.